అడవి అంచు నుంచి కాకినాడ వీధుల్లోకి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆగ్నేయ కొసన, ఖమ్మం మైదానమూ భద్రాచలం అడవులూ కలిసే చోట ఉన్న అశ్వారావుపేటకు చేరువలోని రేవు నగరాల్లో కాకినాడ ముఖ్యమైనది. ఊరు దాటి కొంతదూరం పోగానే జీలుగుమిల్లి వద్ద ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. అక్కడి నుంచి జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరిన ప్రయాణికుడు, 1974లో వాడుకలోకి వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీద గోదావరిని దాటి, రాజమహేంద్రవరం నుంచి వరిచేల నడుమగా తీరానికి చేరుకుంటాడు. దారిలో చాలా దూరం వరకు ఆయిల్‌పామ్ తోటలే కనిపిస్తాయి, అడవి మాత్రం క్రమంగా వెనకబడిపోతుంది.

సముద్రస్నానం కోసమే కాకినాడకు వచ్చేవారికి కొంత నిరాశ తప్పదు. గోదావరి మేటవేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అనే సన్నని దీవి అలల తాకిడిని అడ్డుకుంటున్నందువల్ల ఇక్కడి అఖాతం నిమ్మళంగా, లోతు తక్కువగా ఉంటుంది. విశాఖ తీరంలోని హోరు దానిలో లేదు. ఆ నిమ్మళమే ఈ ఊరిని రేవుగా నిలిపింది. లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసి ఆగితే, బార్జీలు, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవలు, ఒడ్డుకూ ఓడకూ మధ్య సరుకు చేరవేసే పద్ధతి ఇక్కడ చిరకాలంగా ఉంది. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఇంగ్లండుకు అందక, భారతీయ పత్తికి గిరాకీ పెరిగిన కాలంలో ఈ రేవు దశ తిరిగింది.

నగరంలోని పేటలను నడిచి చూడదలచినవారు జగన్నాథపురం నుంచి మొదలుపెట్టడం మేలు. ఉప్పుటేరుకు అవతల ఉన్న ఈ పేట ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరం. 1825లో అది బ్రిటిష్ వారి వశమైంది. వంతెన దాటి ఇవతలికి వస్తే మెయిన్ రోడ్డు, దానికి సమీపంలో సినిమా రోడ్డు, ఇంకా లోపలికి భానుగుడి సెంటరు, రామారావుపేట వస్తాయి. సందులు గొందులుగా పెరిగిన పాత పట్టణాలకు భిన్నంగా ఈ భాగంలో వీధులు తిన్నగా సాగుతాయి కనుక కొత్తవారు కూడా దారి తప్పరు. బసకు లాడ్జీలు మెయిన్ రోడ్డు, భానుగుడి ప్రాంతాల్లో దొరుకుతాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా మెయిన్ రోడ్డుకు దగ్గరలో దిగడమే మంచిది, ఎందుకంటే ఈ ఊరిని వాహనంలో కాక కాలినడకన చూడాలి. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది ఈ నగరంలోనే. ఆ సందర్భంగా ఏర్పాటైన ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి, తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతటికీ తెలిసింది.

కాకినాడ అసలు ఘనత తిండిలో ఉంది. సుబ్బయ్య హోటల్లో పూర్తి శాకాహార భోజనాన్ని అరిటాకులో వడ్డిస్తారు. పప్పు, పులిహోర, పొడి, నెయ్యి, కూరలు, పచ్చళ్లు, పులుసు, గడ్డపెరుగు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, వడ్డించేవారు తినేవారిని కొసరి కొసరి అడుగుతారు. అదే భోజనాన్ని ఆకులు పరిచిన బుట్టలో సర్ది ఇంటికి ఇచ్చే బుట్టభోజనం కూడా ఇక్కడ పేరుపొందింది. ఇక కోటయ్య కాజా సంగతి. వేలెడంత గొట్టంలా చుట్టిన మైదాను వేయించి పాకంలో ఊరబెడతారు. కొరికితే పైపొర కరకరలాడుతుంది, డొల్లలో నిండిన పాకం ఒక్కసారిగా నోట్లోకి దూకుతుంది. మండపేట దగ్గరి తాపేశ్వరంలో చేసే మడత కాజా పొరలు పొరలుగా ఉండే వేరొక రకం, కాబట్టి రెండింటినీ ఒకటిగా భావించడం సరికాదు.

అశ్వారావుపేట రైతు కాకినాడలో ప్రత్యేకంగా చూడవలసిన చోటు రేవు పక్కనున్న వాకలపూడి. కోసిన ఆయిల్‌పామ్ గెలలను 24 గంటల్లోగా గానుగకు చేర్చకపోతే నూనెలో ఆమ్లత పెరిగి నాణ్యత పడిపోతుంది. అందుకే అశ్వారావుపేటలో కర్మాగారం తోటల నడుమే ఉంది. కాకినాడలో పరిస్థితి దీనికి తలకిందులు. ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో దిగుమతయ్యే ముడి నూనెను శుద్ధి చేసే కర్మాగారాలు రేవును ఆనుకుని వెలిశాయి. విదేశీ నూనె ధర కదిలినప్పుడల్లా గెల ధర కూడా ఎందుకు కదులుతుందో ఈ రెండు చోట్లనూ చూసినవారికి తేలికగా బోధపడుతుంది. ఆ పంటను నమ్ముకున్న కుటుంబాలకు ఇది విహారం కంటే విలువైన జ్ఞానం.

టేకు, ఇప్ప చెట్ల అడవి ఎరిగినవారికి కాకినాడకు దగ్గరలోని కోరంగి మడ అడవులు మరో లోకం. మడ చెట్లు ఉప్పునీటి బురదలో పెరుగుతూ, గాలి పీల్చుకోవడానికి వేళ్లను మేకుల్లా పైకి పంపుతాయి. బావురుపిల్లులకు, నీటికుక్కలకు ఆశ్రయమైన ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

అశ్వారావుపేట వైపు నుంచి వెళ్లేవారు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే పద్ధతి మానుకుని కనీసం ఒక రాత్రి అక్కడ బస చేయాలి. తెల్లవారుజామున ఏటిమొగ వద్ద వేట నుంచి తిరిగివచ్చే పడవలను చూడాలి, మధ్యాహ్నం అరిటాకు ముందు తీరిగ్గా కూర్చోవాలి. కోరంగికి మాత్రం పోటు వేళ కనుక్కుని బయలుదేరాలి, పాటు సమయంలో కాలువల్లో నీరు తగ్గి పడవ ప్రయాణం కష్టమవుతుంది.