నేను చేరాను, పెట్టె చేరలేదు

విమానంలో, డాలస్ దారిలో

చి. తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

శంషాబాద్‌లో పొగమంచు పట్టేసి మా విమానం ఆలస్యంగా లేచింది. గల్ఫ్‌లో దిగేసరికి డాలస్ విమానం గేటు మూసే వేళయింది. మోకాళ్ల నొప్పులని అల్లుడు ముందే వీల్‌చెయిర్ రాయించడం మంచిదైంది. దాన్ని తోసుకుంటూ ఒక నేపాలీ కుర్రాడు పరుగున తీసుకెళ్లకపోతే అక్కడే ఉండిపోయేదాన్ని. చల్లగా ఉండాలి ఆ పిల్లాడు.

ఇంకా పదహారు గంటల ప్రయాణం. మనసంతా పెట్టె మీదే ఉంది. ఒక విమానంలోంచి దించాలి, స్కాన్ చేయాలి, బెల్టుల మీద వేరుచేసి ఇంకో విమానానికి చేర్చాలి. నాకే అంత తక్కువ వ్యవధి ఉంటే దానికెక్కడిది? పెట్టెలు ఎక్కువగా వెనకబడేది ఇలా విమానం మారే చోటేనట.

డాలస్

తమ్ముడూ, భయపడ్డట్టే అయింది. అందరి సామానూ వచ్చేసింది, బెల్టు ఆగిపోయింది, నా నీలం పెట్టె మాత్రం రాలేదు. బయట అమ్మాయి ఎదురుచూస్తున్నా, ముందు విమాన సంస్థ కౌంటర్‌కే వెళ్లాను. అక్కడి ఆవిడ రకరకాల పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి ముందు పెట్టి, నీది ఏ రంగు, ఏ ఆకారం, చక్రాలెన్ని అని అడిగింది. బోర్డింగ్ పాస్ వెనక అంటించిన చిన్న చీటీ మీద పదంకెల నంబరుంది కదా, దాన్ని కంప్యూటర్‌లో కొట్టింది. పెట్టె గల్ఫ్‌లోనే ఉందని తేలింది.

లోపల ఏమున్నాయో రాయమంది. సున్నుండలు, ఆవకాయ, పసిబిడ్డకు కాటన్ చొక్కాలు రాశాను. అమ్మ కట్టి వదిలిన రెండు వెంకటగిరి చీరలు కలిపి కుట్టిన బొంత దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఖరీదెంత అంది. ఆ మెత్తదనానికి ఏం ఖరీదు కట్టను? సున్నా అని రాయడానికి చెయ్యి రాక, ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఆవిడ ఇచ్చిన రిపోర్టు మీద ఫిర్యాదు నంబరుంది. ముందు విమానాశ్రయం కోడు మూడక్షరాలు, తర్వాత విమాన సంస్థవి రెండు, చివర ఐదంకెలు. దాంతో ఇంటి నుంచే పెట్టె జాడ చూసుకోవచ్చు. బీపీ మాత్రలు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. అమ్మాయి కులాసాగా ఉంది.

డాలస్, అమ్మాయి ఇంటి నుంచి

తమ్ముడూ, పెట్టె వచ్చింది! వ్యాన్‌లో తెచ్చి గుమ్మంలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్లారు. ఒక చక్రం విరిగింది. మూడు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా భద్రంగా ఉంది. బొంత తీసి ముఖానికి ఆనించుకున్నాను. పసిదాన్ని ఆ బొంతలోనే పడుకోబెడతాం.

అల్లుడు నిబంధనలన్నీ చదివి చెప్పాడు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లోగా, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టు లెక్కకట్టి పరిహారం అడగొచ్చు. 2024 డిసెంబరు 28 నుంచి దాని గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు రెండు వేల డాలర్లు. నష్టం ఎంతో చూపించాలి కాబట్టి, పెట్టె లేక కొన్న ప్రతి వస్తువుకూ బిల్లు దాచాం. చక్రం సంగతీ రాసి పంపాం.

వచ్చే నెలలో నువ్వూ మరదలూ షికాగోలో దిగి కొలంబస్ వెళ్లాలి కదా. ట్యాగ్ కొలంబస్ వరకు వేసినా, షికాగోలో సామాను మీరే తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. టికెట్ కొనేటప్పుడే విమానం మారే చోట మూడు గంటలైనా వ్యవధి చూసుకోండి. పెట్టె బయటా లోపలా పేరు, ఫోన్ నంబరు రాసి, ఫొటో తీసుకోండి. మందులు, నగలు, కాగితాలు, డబ్బుతో తిరిగి కొనలేనివి ఏవైనా చేతిసంచిలోనే ఉంచుకోండి. ఒకవేళ సామాను రాకపోతే, రిపోర్టు నంబరు చేతికి అందేదాకా విమానాశ్రయం గడప దాటకండి.

ఇట్లు,
మీ అక్క