మూడు మెట్లు

గృహము కొనబోవువాడు మొదట ధర నడుగును. పిదప వాస్తువును, నీటి వసతిని విచారించును. నేను మెట్లెన్ని యని యడుగుదును. పదునొకండేండ్లుగా చక్రముల కుర్చీలో తిరుగువాడను. కూడబెట్టినదియు బ్యాంకువా రప్పిచ్చెదమన్నదియు గలిసి నా శక్తి 45 లక్షలు. హైదరాబాదున ఉప్పలు మొదలు వనస్థలిపురము వఱకు ఏడు మాసములలో 23 ఫ్లాట్లు చూచితిని. చూచితి ననుటయు సగమే నిజము. తొమ్మిదింటిలో నేను క్రిందనే నిలిచిపోగా, మా తమ్ముడు పైకి బోయి ఫోనులో బొమ్మలు తీసికొనివచ్చెను.

"లిఫ్టున్నదండీ" యని ప్రతి యమ్మకందారుడును గర్వముగా జెప్పును. లిఫ్టున్న మాట నిజమే. కాని బండ్లు నిలుపు చోటినుండి దాని గుమ్మమునకు మూడు మెట్లుండును. "వాచ్‌మన్ ఎత్తి పెట్టును లెండి" అనునది వారి రెండవ మాట. అయ్యా, బియ్యపు బస్తా నట్లు ఎత్తి పెట్టవచ్చును. రాత్రి పదిగంటలకు మందు కొనుటకో, ఊరక వీథి చూచుటకో పోదలచినవాడు ఒకని నిద్రలేపి తన్ను మోయుమని వేడుకొనవలెనా? అట్టి బ్రతుకునకు అద్దె యిల్లే చాలును.

అంగుళము ఎత్తునకు పండ్రెండంగుళముల వాలుండవలెను. మూడు మెట్లు 15 అంగుళములైనచో 15 అడుగుల వాలుబాట కావలెను. అది రమారమి యొక కారు నిలుచు చోటు. ఆ చోటునకు ధర గలదు గనుక వాలుబాట పుట్టదు. కొందఱు స్కూటరు ఎక్కించుటకు వేసిన నిటారు గట్టును జూపి "ఇదిగో ర్యాంపు" అందురు.

చట్టము లేక కాదు. నియమములను పాటింపని కట్టడపు నమూనాకు అనుమతి యీయరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 44వ సెక్షనులో నున్నది. 2017 నాటి 15వ నియమము వట్టి సలహాల మూట యగుటచే చట్టమునకు విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, తప్పనిసరి నియమములను మూడు మాసములలో ఏర్పఱుపుడని యాదేశించెను. నా చేతి టేపునకు మాత్ర మింకను సెలవు దొరకలేదు.

స్నానపుగది తలుపు రెండున్నర అడుగులని కాగితమున నుండును. ద్వారబంధము పోగా మిగులునది 25 అంగుళములు. నా కుర్చీయు నంతే. ఇక చక్రము పట్టిన వ్రేళ్ళ గతి యేమి? అయినను ఇటుక గోడను కొంత కోసి తలుపును వెడల్పు చేయవచ్చును. లోనికి తెఱచు తలుపును బయటికి త్రిప్పుట వడ్రంగి కొకపూట పని. గడప తీసివేయవచ్చును. (పసుపు పూసిన గడప తీయుటకు మా అమ్మ నొప్పించుటకే రెండు దినములు పట్టినది.) కాంక్రీటు స్తంభమును గాని లిఫ్టు తలుపును గాని నేను మార్చజాలను. కావున బేరమంతయు ఆ రెంటి యొద్దనే తేల్చుకొనుచున్నాను.

కడకు నాగోలున నొక పాత భవనములో రెండవ యంతస్తు ఫ్లాటు నచ్చినది. లిఫ్టు తలుపు 32 అంగుళములు; కరెంటు పోయినచో జనరేటరు కలదు. అక్కడను మూడు మెట్లే. కాని ఫ్లాటుతో వచ్చు కారు చోటు వాని ప్రక్కనే యున్నది; నాకు కారు లేదు. ఆ చోటున నా ఖర్చుతో వాలుబాట కట్టుకొందునని యజమానుల సంఘమునకు వ్రాసితిని. 14 కుటుంబములలో 12 సంతకము చేసినవి. మోకాళ్ళ నొప్పులతో బాధపడు మూడవ యంతస్తు ముసలమ్మగారు అందఱికంటె ముందు చేసిరి. మిగిలిన యిద్దఱు భవనపు అందము చెడు నందురు. ఆదివారము సంఘము కూడును. అందాక బయానా ఈయను.