ఆక్రాలో అర్జీల టీచర్

మా ఎడిటర్ అడిగింది ఘానాలో, టేమా రేవుపట్నం ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగువాళ్ళ గురించి. ఆ వ్యాసం వేరే వస్తుంది. ఇది మా బావ అంటగట్టిన పని. ఆయన టేమాలో ఓ ఇనుప కర్మాగారంలో స్టోర్సు చూస్తాడు. "కోటలూ సముద్రమూ ఎవరైనా చూపిస్తారు. మా ఆఫీసు కుర్రాడి మేనమామ ఆక్రాలో వీసా కాగితాలు తయారుచేసి పెడతాడు. పోయి ఓ పూట కూర్చో. వీసాల కబుర్లంటే మనవాళ్ళకున్నంత ఆసక్తి ఇంకెవరికుంటుంది!" అన్నాడు. ఆ కుర్రాణ్ణే తోడిచ్చి పంపాడు.

మకోలా బజారు వెనక సందులో, ప్లాస్టిక్ బకెట్ల కొట్టు పక్కన, నీలం రంగు చెక్క బంకు అది. ఆక్రాలో సగం దుకాణాల పేర్లలో దేవుడుంటాడు, దీని బోర్డు మీదా ఉన్నాడు. లోపల ఒక కంప్యూటరు, జిరాక్స్ మిషను, గోడకు తెల్లగుడ్డ, దాని ముందు స్టూలు. బంకు యజమాని రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. అరవై దాటినా చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. సందులో చిన్నా పెద్దా అందరూ 'టీచర్' అనే పిలుస్తారు.

"నేను గోరో బాయ్‌ని కాను. అది ముందు రాసుకోండి" అన్నాడు నేను కూర్చోగానే.

గోరో బాయ్స్ అంటే పాస్‌పోర్టు ఆఫీసు దగ్గరా, లైసెన్సుల ఆఫీసు దగ్గరా జనాన్ని పట్టుకునే బ్రోకర్లు. లోపల మనవాడున్నాడంటారు. బ్యాంకు స్టేట్‌మెంటు లేదంటే పుట్టించి ఇచ్చేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ మాటెత్తితేనే టీచర్ మొహం మాడ్చుకుంటాడు. "ఉన్నవాటిని వరసలో పెట్టడమే నా పని. లేనివి నా దగ్గర దొరకవు."

ముందు ఓ కుర్రాడికి ఫోటో తీశాడు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఫోటో వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45. గడ్డం నుంచి నడినెత్తి దాకా ముఖం 32 నుంచి 36 మిల్లీమీటర్లలో పడాలి. వెనక లేత రంగే ఉండాలి. చిక్కంతా అక్కడే. వెనకాల తెలుపు, ముందు నల్లటి ముఖం ఉంటే కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించేస్తుంది. ముఖం ఇంకా చీకటి పడిపోయి కళ్ళూ ముక్కూ కలిసిపోతాయి. అలాంటి ఫోటో కౌంటర్లోనే వెనక్కొస్తుంది. టీచర్ ఆ కుర్రాడి ఒళ్ళో ఒక థర్మోకోల్ అట్ట పెట్టాడు. ఫోటోలో పడకుండా దాన్ని రెండు వేళ్ళతో కాస్త పైకీ కాస్త పక్కకీ వంచుతూ, అట్ట మీది వెలుతురు దవడల కిందికి ఎక్కేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు. ప్రింటు వచ్చాక, గీతలు గీసిన ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఒకటి దాని మీద పరిచి, గడ్డం ఒక గీతనూ తల ఇంకో గీతనూ తాకాయని చూసుకుని, స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో కోశాడు. అక్కడ కత్తెర ఉంది కానీ ముట్టుకోలేదు. హైదరాబాదులో నేను దిగిన పాస్‌పోర్టు ఫోటోల మీద ఎవరూ ఇంత శ్రద్ధ పెట్టలేదు.

తరవాత ఫైళ్ళ పని. కాగితాలు బల్ల మీద పరుస్తూ పాఠం చెబుతాడు. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి, తిరిగొచ్చే తేదీ దాటి ఇంకో మూడు నెలలు చెల్లుబాటు కావాలి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. ఆసుపత్రి ఖర్చే కాదు, అక్కడే చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా అందులో రావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అర్జీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల లోపలికి వచ్చేదాకా ఆలస్యం చేయకూడదు. మొదటిసారైతే వేలిముద్రలకు స్వయంగా పోవాలి, అవి 59 నెలలు పనికొస్తాయి. రుసుము పెద్దవాళ్ళకు 2024 జూన్ దాకా 80 యూరోలు, అప్పటి నుంచి 90. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఘానా సెడీల్లో అది వెయ్యి దాటుతుంది. 2025లో అక్కడ రోజు కనీస కూలి 19.97 సెడీలు. లెక్క మీరే వేసుకోండి. యూరప్‌లో కాలు బయట పెట్టకుండా విమానం మారి ఇంకో ఖండానికి పోవాలన్నా ఘానా పాస్‌పోర్టు వాళ్ళకు మామూలుగా ట్రాన్సిట్ వీసా కావాలి.

షెంగెన్ దేశాలన్నిటికీ చట్టం ఒకటే, 2009 నాటి వీసా కోడ్. కానీ ఈ బంకుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చూపు జర్మనీ మీద, అందులోనూ హాంబర్గ్ మీద. జర్మనీలో ఘానావాళ్ళ పెద్ద స్థావరం ఆ నగరమే. 1980లలో అటు పోయిన సంగీతకారులు తమ పాత హైలైఫ్ సంగీతానికి సింథసైజర్లు కలిపి కట్టిన బర్గర్ హైలైఫ్ పాట ఏదో పక్క కొట్టు రేడియోలో మోగుతోంది.

మధ్యాహ్నం కాబోతుండగా మకోలాలో గుడ్డలమ్మే ఆవిడ వచ్చింది. వస్తూనే ఒక కవరు బల్ల మీద కొట్టింది. కూతురు హాంబర్గ్‌లో నర్సు, తొలి కాన్పు. తల్లి వెళ్ళి రెండు నెలలు ఉండి రావాలనుకుంది, వీసా రాలేదు. ట్వీ భాషలో ఆవిడ అరుస్తుంటే మా కుర్రాడు నాకు చెబుతూ వచ్చాడు.

"నా కూతురు పూచీ రాసింది టీచర్! నేను తినే తిండి, నాకు జబ్బు చేస్తే ఆసుపత్రి, నన్ను గెంటెయ్యాల్సి వస్తే విమానం టిక్కెట్టు కూడా తనే కడతానని సర్కారు ఆఫీసులో సంతకం పెట్టింది. దానికీ 29 యూరోలు పుచ్చుకున్నారు. ఇంకేం కావాలట? నేను తిరిగి రానట! నేనక్కడ కూర్చుంటే నా కొట్టు ఎవడు తెరుస్తాడు? నాకు రావలసిన బాకీలు ఆ ఆఫీసరు వసూలు చేసి పెడతాడా?"

కాగితం నేనూ చూశాను. షెంగెన్ దేశాలన్నిటికీ ఒకే నమూనా. కారణాలు ముందే అచ్చువేసి పెట్టుకుంటారు, పక్క గడిలో టిక్కు పెడతారు. ఆవిడకు పడ్డ టిక్కు, వీసా గడువు లోపల తిరిగి వెళ్ళిపోవాలన్న మీ ఉద్దేశం మీద సహేతుకమైన సందేహాలున్నాయన్న దానికి. ఏ సందేహమో, దేన్ని చూసి పుట్టిందో లేదు. ఫలానా కాగితం లేదంటే తెచ్చుకోవచ్చు. సందేహానికి ఏ కాగితం తెచ్చివ్వాలి?

టీచర్ పాత ఫైలు ప్రతి తీసి నా ముందు పెట్టాడు. జీతం చీటీ లేని మనిషికి బతుకుతెరువు ఉందని చూపించడానికి ఆయన పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. బజార్లో వసూలు చేసే ఆశీలు చీటీలు తారీఖుల వరసన అంటించిన తెల్లకాగితాలు. ఆ వెనక సుసు కార్డుల నకళ్ళు. సుసు అంటే రోజూ ఒకాయన బజారంతా తిరిగి ఒక్కో కొట్టు దగ్గర ఇంతని తీసుకుని కార్డులో ఆనాటి గడిలో గుర్తు పెడతాడు. నెలాఖరుకు మొత్తం తిరిగిచ్చి, ఒక రోజు సొమ్ము తన కష్టానికి ఉంచుకుంటాడు. ఆవిడ కార్డులు ఏళ్ళ తరబడివి. గళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఒక కార్డులో మాత్రం ఓ వారం ఖాళీ. "అది వాళ్ళమ్మ పోయిన వారం" అన్నాడు టీచర్ దాని మీద వేలు పెట్టి. వానకీ ఎండకీ కొట్టు మూయని మనిషని ఇంతకంటే గట్టిగా ఏ బ్యాంకు చెబుతుంది? కానీ ఆఫీసరు చూసేది బ్యాంకు స్టేట్‌మెంటు. ఆవిడ ఖాతాలో ఉన్నదల్లా ప్రయాణం కోసం కూతురు పంపిన పెద్ద మొత్తం ఒకటి. హఠాత్తుగా పడ్డ డబ్బు మీదే వాళ్ళకు అనుమానం ఎక్కువ.

ఇదివరకైతే ఇలాంటి టిక్కుకు ఒక జవాబుండేది. జర్మనీ దగ్గర దాని పేరు రెమాన్‌స్ట్రేషన్. తిరస్కరణ అందిన నెలలోగా, పైసా కట్టకుండా, మీ సందేహం ఎందుకు తప్పో ఇదుగో అని అదే కార్యాలయానికి ఉత్తరం రాస్తే ఫైలు మళ్ళీ తెరవాలి. టీచర్ అసలు పనితనమంతా ఆ ఉత్తరాల్లోనే ఉండేది. ఒక అట్టపెట్టె నిండా నకళ్ళు దాచుకున్నాడు. చదివితే ముచ్చటేసింది. ఏడుపులుండవు. తమరి దయ, తమరి కృప ఉండవు. మొదటి పేరాలో టిక్కు పడ్డ కారణం, రెండో పేరాలో దానికి ఎదురునిలిచే రెండు మూడు సంగతులు, ఏ సంగతికి ఏ కాగితమో పక్కనే అంకె. ఎర్రసిరాతో దిద్దుకున్న చిత్తుప్రతులు కూడా ఉన్నాయి. ఒక దాంట్లో 'దయచేసి' అన్న మాట నాలుగు చోట్ల కొట్టేసి చివర ఒక్కచోట ఉంచాడు. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల ముందు దస్తావేజు లేఖర్లు పొలానికి నాలుగు హద్దులు రాసినట్టు, ఈయన ఒక మనిషి ఎక్కడికి కట్టుబడి ఉందో రాసేవాడు. కొన్నిటికి వీసాలొచ్చాయి, కొన్నిటికి రాలేదు. చదివేవాడొకడు ఉన్నాడన్నదే ఆయనకు ముఖ్యం.

2025 జూలై 1 నుంచి జర్మనీ ఆ పద్ధతిని ప్రపంచమంతటా ఎత్తేసింది. అంతకుముందు 2023 నుంచే కొన్ని చోట్ల ప్రయోగంగా ఆపి చూశారు. ఉత్తరాలు చదివే సిబ్బందిని మిగిలించుకుంటే అర్జీలు ఎక్కువ చూడొచ్చని వాళ్ళ విదేశాంగ శాఖ వాదన. ఇప్పుడు మిగిలినవి రెండు దారులు. మళ్ళీ 90 యూరోలు కట్టి మొదటి నుంచి అర్జీ పెట్టుకోవడం, లేదా బెర్లిన్ పాలనా న్యాయస్థానంలో దావా వేయడం. ఆ కోర్టు రుసుమే వీసా రుసుముకు కొన్ని రెట్లు. మకోలాలో గుడ్డలమ్మే ఆవిడ బెర్లిన్‌లో దావా వేస్తుందా!

నాకు ఒళ్ళు మండింది. ఎంబసీ వాళ్ళ ఇబ్బంది తెలియక కాదు. దొంగ స్టేట్‌మెంట్లు వస్తాయి, వెళ్ళినవాళ్ళలో కొందరు ఉండిపోతారు, ఒక్కో ఫైలు మీద పెట్టగలిగిన సమయం తక్కువ. కానీ హడావిడిలో చూసే చోటే తప్పులు ఎక్కువ దొర్లుతాయి, దిద్దుకునే అవకాశమూ అక్కడే కావాలి. 2024లో ఘానా నుంచి పెట్టిన షెంగెన్ అర్జీల్లో నూటికి 45 దాకా తిరిగొచ్చాయి. నైజీరియా, సెనెగల్‌లదీ దగ్గర దగ్గర అదే లెక్క. ప్రపంచ సగటు 15 దరిదాపుల్లో ఉంది. మనదీ అంతే. ఆ ఏడాది లక్షా అరవై అయిదు వేల భారతీయుల అర్జీలు తిప్పికొట్టారని మన పత్రికలు గగ్గోలు పెట్టాయి. అదే 2024 ఏప్రిల్‌లో, మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ళ వీసా ఇచ్చే వెసులుబాటు వచ్చింది. మన గగ్గోలు తప్పని అనను. కానీ నూటికి నలభై అయిదు మంది దగ్గర రుసుము ఉంచేసుకుని, ఒక్క టిక్కు చేతిలో పెట్టి, ఇక మాట్లాడకు అనడం వేరే సంగతి. ఆ బంకులో కూర్చుంటే దాని ఫలితం కూడా కనబడుతుంది. ఉత్తరాల కోసం వచ్చేవాళ్ళు రావడం మానేశారని టీచర్ అన్నాడు. చదివేవాడే లేనప్పుడు నిజాన్ని చక్కగా రాయించుకోవడం ఎందుకు? గోరో బాయ్ దగ్గరికి పోతే స్టేట్‌మెంటే నున్నగా చేసిస్తాడు.

ఆవిడ కొంచెం చల్లబడ్డాక నన్ను అడిగింది, మీ దేశంలో వీసా కోసం దేవుడికి మొక్కుతారా అని. ఇక్కడ చర్చీల్లో పాస్‌పోర్టులు చేత్తో ఎత్తిపట్టుకుని ప్రార్థన చేస్తారట, తను ఉపవాసం కూడా ఉందట. హైదరాబాదు పక్కన చిలుకూరులో బాలాజీ ఉన్నాడనీ, మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, పని అయ్యాక నూట ఎనిమిది చేస్తారనీ చెప్పాను. చాలా శ్రద్ధగా విని, "వీసా రాకపోతే ఆ పదకొండూ వాపసిస్తాడా, లేక ఆయన కూడా ఉంచేసుకుంటాడా?" అంది. టీచర్‌తో సహా అందరం నవ్వాం.

మళ్ళీ పెట్టాలనే నిర్ణయమైంది. ఈసారి సుసు కార్డులు వెనక కాదు, ముందే పెడతానన్నాడు టీచర్. సుసు అంటే ఏమిటో ఒక పేజీలో వివరించి, ఆ పేజీ కింద కార్డులు. కూతురు పంపిన డబ్బుకు కూతురి ఉత్తరం. క్రిస్మస్ బేరాలకు సరుకు పురమాయించిన రసీదు, అప్పటికి కొట్టు తెరవక తప్పదని చెప్పడానికి. వీసా వచ్చినా నకళ్ళన్నీ చేతిసంచీలోనే పెట్టుకోమన్నాడు. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక సరిహద్దు పోలీసు ఇవే ప్రశ్నలు మళ్ళీ అడగొచ్చు. 2025 అక్టోబరు నుంచి అక్కడ కొత్త యంత్రాలు పెడుతున్నారు, ముఖం ఫోటో తీసి రాకపోకలు కంప్యూటర్లో ఎక్కిస్తారని కూడా చెప్పాడు.

"ఎంత?" అంది ఆవిడ.

"రెండు వందల యాభై."

"పాత కాగితాలే కదా, పైది కిందికి, కిందిది పైకి! దానికి రెండు వందల యాభయ్యా?"

"కొత్త ఉత్తరం రాయాలి ఆంటీ. కొత్త ఫోటో కావాలి, పాతది ఆరు నెలలు దాటింది."

"పాత ఫోటోలో నేను జబ్బుమనిషిలా ఉన్నాను. అందుకే ఇవ్వలేదేమో. ఫోటో ఊరికే తియ్యి, నూట యాభై ఇస్తాను."

నూట ఎనభైకి తెగింది, ఫోటో ఊరికే. ఆవిడ స్టూలు మీద కూర్చుని తలగుడ్డ సర్దుకుంది. మతం కోసమైతే తప్ప తలగుడ్డ కుదరదన్నాడు టీచర్. ఆదివారం చర్చికి ఇదే కట్టుకుపోతాను, ఇది మతం కాదా అని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.