పాట పోకుండా ఒక రచ్చబండ

రికార్డింగ్ అంటే లక్షల ఖర్చు అనుకునే రోజులు పోయాయి. ఓ మాదిరి లాప్‌టాప్, ఒక మంచి మైకు ఉంటే చాలు, సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దొంగ కాపీలు కాదండోయ్! రాసినవాళ్లే "వాడుకోండి, మార్చుకోండి, పదిమందికీ పంచండి" అని కోడ్‌తో సహా ఇచ్చేసినవి. అయినా మన ఊళ్లలో పాటలు రికార్డు చేసేవాళ్లకి అవి సగమే అందుతున్నాయి. ఆ మిగతా సగం గురించే ఈ నాలుగు మాటలు.

ఆడాసిటీ సంగతే చూడండి. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ దాన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో జనం చేతికొచ్చింది. దాదాపు అదే సమయంలో పాల్ డేవిస్ అనే ప్రోగ్రామర్ ఆర్డోర్ అనే పెద్ద రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి శ్రీకారం చుట్టాడు. ఒక ప్రోగ్రామ్‌లోని శబ్దాన్ని ఇంకో ప్రోగ్రామ్‌లోకి పంపే 'జాక్' కూడా ఆయన చలవే. డ్రమ్ములకి హైడ్రోజన్, ఎఫెక్టులకి ఎల్‌వీ2 ప్లగిన్లు... ఒక్కోటి ఒక్కొక్కరు చేశారు, ఎవరి వాకిలి వాళ్లది. ఈ చిక్కు వాళ్లకీ తెలుసు. అందుకే లినక్స్ఆడియో డాట్ ఆర్గ్ అని ఒక ఉమ్మడి చిరునామా పెట్టుకున్నారు. 2003లో జర్మనీలోని కార్ల్స్‌రూయెలో మొదటి సదస్సు జరుపుకున్నారు.

ఆ ఉమ్మడి వాకిలి దాకా మా కోవూరు నుంచి దారి లేదు. ఎందుకంటే అదంతా ఇంగ్లీషు.

మా బాబాయికి కోవూరులో సౌండ్ సర్వీస్ ఉంది. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, తిరునాళ్లు, ఎక్కడ మైకు మోగాలన్నా బాక్సులు ఆటోలో వేసుకుని బయల్దేరతాడు. పాత లాప్‌టాప్‌లో ఆడాసిటీ పెట్టుకుని రికార్డింగులూ చేస్తాడు. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడే ఒక పెద్దాయన్ని రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి పాడించాడు. తర్వాత లాప్‌టాప్ ఫార్మాట్ చేయాల్సొస్తే షాపులో కుర్రాడు ప్రాజెక్టు ఫైలుని జాగ్రత్తగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మళ్లీ తెరిచి చూస్తే ఫైలుంది, పద్యం లేదు.

ఆడాసిటీ పాత వెర్షన్లలో ఏయూపీ ఫైలు ఒక చిట్టా మాత్రమే. అసలు శబ్దం పక్కనున్న డేటా ఫోల్డర్‌లో ఉంటుంది. 2021 మార్చిలో వచ్చిన 3.0 నుంచి అంతా ఒకే ఫైలు. మావాళ్ల దగ్గరున్నది పాతది. ఫోల్డర్ కూడా కాపీ చేసుకోవాలన్న మాట మాన్యువల్‌లో ఉంది, కానీ ఆ కుర్రాడు చదవగలిగే భాషలో లేదు. మళ్లీ పాడించుకుందామనుకునేలోపు కరోనా వచ్చింది. పెద్దాయన పోయారు.

ఆ తర్వాతే మేం నలుగురం ఇంజనీర్లం శని, ఆదివారాలు కూర్చుని తెలుగులో ఒక ఉమ్మడి పోర్టల్ మొదలుపెట్టాం. మొదటి గొడవ, పేజీలు సాఫ్ట్‌వేర్ పేరు మీద ఉండాలా, పని పేరు మీద ఉండాలా అని. బాబాయి తేల్చేశాడు: "తిరునాళ్లలో జనరేటర్ గోల ఎట్టా తీయాలో చెప్పబ్బయా, దాని పేరుతో నాకేం పని?"

అంతే, పేజీలన్నీ పనుల పేర్లతోనే. గోల తీయాలంటే పాటకి ముందు అయిదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసుకోవాలి. ఆ ముక్కని గోలకి నమూనాగా చూపిస్తే ఆడాసిటీ మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. దాచుకునే పాటని వేవ్ ఫైలుగా కూడా తీసిపెట్టుకోవాలి. సీడీ నాణ్యతలో గంటకి 635 ఎంబీ దాకా అవుతుంది, ఈ రోజుల్లో అదేం బరువు కాదు. 'జాక్' గురించి రాయడానికి మాత్రం నేను వారం తంటాలు పడ్డాను. బాబాయి రెండు ముక్కల్లో చెప్పాడు: "మిక్సర్ ఎనకాల వైర్లు మార్చినట్టే గదా!" ఆ వాక్యమే పేజీకి ఎక్కింది. కాపీ చేసుకోవడం గురించిన పేజీ షాపు కుర్రాడే రాశాడు. దాంట్లో మేం దిద్దింది అచ్చుతప్పులే. ప్రతి పేజీ పైన ఏ వెర్షన్‌తో, ఏ తేదీన సరిచూశామో ఉంటుంది, పాత సలహా కొత్త నష్టం తేకుండా.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటివి సాధారణంగా ఒక్కడి ఉత్సాహంతో పుడతాయి. వాడికి పెళ్లవుతుంది, ఉద్యోగం మారుతుంది, డోమైన్ డబ్బులు కట్టడం మర్చిపోతాడు. ఒకరోజు పొద్దున చూస్తే ఏమీ ఉండదు. అందుకే తాళాలు ముగ్గురి దగ్గర పెట్టాం. రాతంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లే, ఎవరైనా మొత్తం దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు. తామూ అలాగే పంచాలన్నది ఒక్కటే షరతు. 2021లో ఆడాసిటీ మ్యూస్ గ్రూప్ చేతికి వెళ్లాక, కొత్త ప్రైవసీ నిబంధనల మీద పెద్ద రభస జరిగింది. నచ్చనివాళ్లు అదే కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టుకున్నారు. అది వాళ్ల హక్కు. రేపు మా మీద నమ్మకం పోతే మా పోర్టల్ విషయంలోనూ అలా చేయగలిగేలా ఉండాలి.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇలాగే నడుస్తోంది. వాళ్లు మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటికి పెట్టుకున్న పేరు రచ్చబండ. ఊరి రచ్చబండకి పట్టాదారు ఉండడు. కూర్చునేవాళ్లే ఊడ్చుకుంటారు.

మీ ఊళ్లోనూ భజన బృందం ఉంటుంది, బుర్రకథ చెప్పే ముసలాయన ఉంటాడు, వాళ్ల గొంతుని ఫోన్‌లో పట్టుకున్న కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాడిని ఒక్క మాట అడగండి: "రెండో కాపీ ఎక్కడుంది?"