ఆరవవాడు

2021వ సంవత్సరము జూను మాసమున కళాశాల మూతపడుటచే మా మనుమడు తెనాలిలో మా యింటనే యుండెను. కరోనా రెండవ ఉప్పెన అప్పుడప్పుడే తగ్గుముఖము పట్టుచుండెను. పగటివేళ వాడు కంప్యూటరు ముందు కూర్చుండి పాఠములు వినెడివాడు. రాత్రి పదిగంటలు దాటగానే గది తలుపు మూసికొని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, “ఎడమ రెండు! మధ్య! కుడి మూడు!” అని కేకలు వేసెడివాడు. నాలుగు రాత్రులు ఓర్చుకొంటిని. ఐదవ రాత్రి మా యింటియామె “పిల్లవాడికి ఏ గాలైనా సోకిందేమో, ఒకసారి చూచి రండి” అనగా, గట్టిగా మందలింపవలెనను తలంపుతోనే లోపలికి పోతిని.

వాడు నన్ను చూచి మైకును అరచేతితో మూసి, “తాతయ్యా, పది నిమిషాలు ఆగండి. ఇప్పుడు నేను లేస్తే అయిదుగురు చచ్చిపోతారు” అనెను.

ఆ మాట విన్న పిదప ఎవడు గది విడిచి పోగలడు? మంచము అంచున కూర్చుంటిని.

వాడు ఆడుచున్నది డెస్టినీ 2 అను తుపాకి ఆట. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమునందలి బంగీ అను సంస్థ రూపొందించిన ఆ ఆట 2017లో వెలువడెను. తుపాకి ఆటలు నాకు రుచింపవు, ఈనాటికిని రుచింపవు. అయితే ఆ ఆటలో ‘రెయిడు’ అను ఘట్టములు కొన్ని కలవు. దండయాత్ర యని మనము చెప్పుకొనవచ్చును. దానికి ఆరుగురు కావలెను. ఆ ఆరుగురు ఒకరి మాట ఒకరు వినుచు గంటల తరబడి సాగవలెను. 2018 సెప్టెంబరులో ‘లాస్ట్ విష్’ అను దండయాత్ర వెలువడినప్పుడు, దానిని లోకమున అందరికంటె ముందు ముగించిన జట్టునకు దాదాపు పందొమ్మిది గంటలు పట్టినదట. మనవాళ్లు పూనుకొన్నది ‘వాల్ట్ ఆఫ్ గ్లాస్’ అనునది. అది మొదట 2014లో పాత డెస్టినీ ఆటలో వచ్చి, మరల 2021 మే 22న ఈ రెండవ ఆటలో ప్రవేశించెను. శుక్రగ్రహము మీద కొండలోపల ఒక గాజు నేలమాళిగ. దానిలో కాలమునే ఆయుధముగా చేసికొన్న వెక్స్ అను యంత్రజాతి. వారి చివర ఏథియాన్ అను మహాయంత్రము. కథ ఇంతియే.

ఆరుగురిలో మా వాడొకడు. కరీంనగరము నుండి ఒకడు, విజయవాడ నుండి ఒకడు, పైచదువులకై అమెరికా పోయి డల్లాసులో నున్నవారు ఇద్దరు. మనకు రాత్రి పదిన్నర యగునప్పటికి వారికి మధ్యాహ్నము పండ్రెండు గంటలు. ఆరవవాడు కాకినాడ పిల్లవాడు. ఒక వసతిగృహమున ఒకప్పుడు కూడియున్నవారే అందరును.

నేను చూచిన మొదటి ఘట్టమున గుండ్రని కాంతిపుంజములు ఏడు తావులలో ఒకదాని వెంట ఒకటి వెలుగుచు, గంట మ్రోగినట్లు ధ్వనించుచుండెను. అవి పుట్టిన వరుసను జ్ఞప్తియందుంచుకొని, అదే వరుసలో వానిని పగులగొట్టవలెను. మూడింటితో మొదలై విడత విడతకు పెరుగుచు చివరకు ఏడగును. వరుస తప్పినచో తప్పినవానికి మాత్రమే గాక ఆరుగురికిని శిక్ష. అటుపిమ్మట ఒక చీకటి గుహలో గోర్గనులను రాకాసి యంత్రముల కంటబడకుండ దాటవలెను. ఒక్కడు కంటబడినను అందరును కూలుదురు. ముప్పది యేండ్లకు పైగా బడిలో “ఎవని మార్కులు వానివే” అని బోధించిన నాకు ఈ న్యాయము కొంత వింతగా తోచెను. మా బడి కబడ్డీ జట్టులో సైతము ఒకడు ఔటైనచో తక్కినవారు ఆడుచునే యుందురు గదా!

అన్నిటికంటె కష్టము చివరిది. ఏథియాన్ ఉన్నట్టుండి ఆరుగురిలో ముగ్గురిని మాయము చేసి గతమునకో భవిష్యత్తునకో పంపివేయును. ఏ ముగ్గురిని పంపునో ముందుగా తెలియదు. లోపలికి పోయినవారు అచ్చటి కాంతిపుంజములను పగులగొట్టవలెను గాని, వాని వరుస వారికి తెలియదు. అది బయట నిలిచినవారికే కనబడును. బయటివారు చెప్పవలెను, లోపలివారు కొట్టవలెను. మన పిల్లలు ఆ తావులకు దగ్గర, మధ్య, దూరము అని పేర్లు పెట్టుకొనిరి. చెప్పుటకు దొరకు వ్యవధి కొన్ని క్షణములు మాత్రమే.

ఆ రాత్రి బయట మిగిలిన ముగ్గురిలో ఇద్దరు శత్రువుల దెబ్బకు పడిపోయిరి. కాకినాడ పిల్లవాడొక్కడే నిలిచెను. నాకు వినబడవలెనని మా వాడు హెడ్‌ఫోను తీసి స్పీకరు పెట్టియుండెను. “ద... ద... ద...” అని వినబడెను. అంతటితో అందరును కూలిరి. ఆట మొదటికి వచ్చెను.

ఆ పిల్లవానికి నత్తి కలదు. దకారము వద్దనే నాలుక నిలిచిపోవును. తక్కిన ఘట్టములలో వరుస చెప్పు పని అతనికి పడకుండ వారు ఎట్లో సర్దుకొనిరి గాని, ఇచ్చట ఎవరు బయట మిగులుదురో ఆ యంత్రము చిత్తము. మరల ప్రయత్నించిరి, మరల అదియే జరిగెను. డల్లాసు నుండి ఒకడు “మా రూమ్మేటు ఉన్నాడు, పిలవమంటారా?” అనెను. మా మనుమడు కొంచెము తటపటాయించి, “ఈ ఒక్కసారికి మార్చి చూద్దామా?” అనెను. ఎవరును బదులు చెప్పలేదు. కాకినాడ పిల్లవాడును మాటాడలేదు. నాకు ఆ సలహా న్యాయముగానే తోచెను. దాచుట యెందులకు? వాని స్థానమున నేనున్నను అట్లే చేసియుందును. ఏలయన, ఒకప్పుడు చేసితిని.

1994లో నేను కృష్ణాతీరమున ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. వార్షికోత్సవమునకు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగము నుండి కొంత భాగమును పిల్లలచేత ఆడింప దలచితిని. తొమ్మిదవ తరగతి బాలుడొకడు సహదేవుని వేషము కోరి వచ్చెను. వచనము చదువుమంటిని. మొదటి మాట వద్దనే తడబడెను. రెండవమారు చదువనీయక వేషము మరియొకని కిచ్చి, ఇతనికి తెర లాగు త్రాడు అప్పగించితిని. పద్యము పాడించి చూడవలెనని నాకు తోచనేలేదు. ఆ యేడే శ్రీరామనవమి పందిటిలో ఆ బాలుడు వరుసగా నాలుగు పద్యములు, రాగము తీసి, ఎక్కడను తెగకుండ పాడుచుండగా విని, అట్టే నిలిచిపోతిని. నత్తి గల వారెందరో పాడునప్పుడు తడబడరు. మాట సాగి, తాళమున నడచునప్పుడు నాలుకకు దారి దొరకును. అది పండితుడనైన నేను తెలిసికొనవలసిన విషయము. వార్షికోత్సవము ఎట్లును ముగిసినది గదా యని సమాధానపడి ఇంటికి పోతిని.

గదిలో నిశ్శబ్దము ఎంతసేపు నిలిచెనో! కరీంనగరము పిల్లవాడు హఠాత్తుగా, “ఒరే, వాడు హాస్టల్ డే నాడు మొత్తం పాట పాడాడు, గుర్తుందా? ఎక్కడా ఆగలేదు. చెప్పొద్దురా, పాడు!” అనెను. ఎవడో నవ్వెను. కాకినాడ పిల్లవాడు కూడ నవ్వెను. “వ... వెటకారమా?” అని అడిగెను. “కాదురా, నిజంగానే” అని ఇతడు.

తరువాతి మారు అతడు బయటనే మిగిలెను. స్పీకరులో సన్నని గొంతు, జోలపాట వలె: “దూరమూ... దగ్గరా... మధ్యా...” లోపల నున్న మా మనుమడు ఆ వరుసనే కొట్టెను. మరల “మధ్యా... దూరమూ... దగ్గరా...” వ్యవధి చాలునో చాలదో యని నేను మంచపుకోడు పట్టుకొని కూర్చుంటిని. చాలినది. ముగ్గురును వెలుపలికి వచ్చి, ఆరుగురును కలిసి ఏథియాన్ మీద గుండ్ల వాన కురిపించిరి. అది కూలలేదు. మరల ముగ్గురిని మాయము చేసెను. ఈమారు విజయవాడ పిల్లవాడు బయట మిగిలెను. అతడును, నత్తి లేకున్నను, పాడుచునే వరుస చెప్పెను! మూడవ తడవ ఆ మహాయంత్రము కూలునప్పటికి తెల్లవారుజామున రెండుగంటల నలుబది నిమిషములు. మా వాడు వేసిన కేకకు మా యింటియామె లేచి వచ్చి మా యిద్దరిని కలిపి మందలించెను.

నాకు నిద్ర పట్టలేదు. ఆ త్రాడు పట్టిన బాలుని గూర్చి మరునాడు పాత విద్యార్థులను విచారింపగా, మూడవ దినమునకు ఫోను నంబరు దొరికెను. ఇప్పుడతడు నలుబది యేండ్లు దాటినవాడు. ఫోను ఎత్తెను. నా పేరు చెప్పితిని. “న... న...” అని ఆగెను. ఆ మాట ఏదో నాకు తెలియును; అందీయుటకు నోటి వరకు వచ్చెను. అందీయలేదు. అతడు తనంతట తాను “నమస్కారం మాస్టారూ” అని ముగించువరకు ఫోను చెవికి ఆనించుకొని వేచియుంటిని.