చూసింది చూసినట్టు

ఇంగ్లండ్‌లో నర్సింగ్ చదవాలనుకునేవాళ్లు దరఖాస్తు నాడే ఒక సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్‌లో మానసిక ఆరోగ్యం ఒక సబ్జెక్టు, దానికో పోస్టింగు. ఇక్కడ అది విడి శాఖ. పెద్దలు, పిల్లలు, లెర్నింగ్ డిసెబిలిటీ, మెంటల్ హెల్త్ అని నాలుగు దారులు. డిగ్రీ చేతికొచ్చేలోగా 2,300 గంటలు ప్లేస్‌మెంట్లలో గడపాలి. మా ఊరి తెలుగువాళ్ల ఉగాది భోజనాల దగ్గర ఏటా ఎవరో ఒక తల్లి నన్ను పక్కకు పిలుస్తుంది. "మా అమ్మాయి మెంటల్ హెల్త్ అంటోంది అక్కా. మామూలు నర్సింగ్ చేయమని మీరైనా చెప్పండి." నేను చెప్పను. ఆ అమ్మాయికి ఇప్పటినుంచే ఏం అలవాటు చేసుకోవాలో చెబుతాను.

నేను నర్సుగా పనిచేసే మానసిక వార్డుకు వచ్చే విద్యార్థులకు మందుల సంగతులు బాగానే తెలుసు. లిథియం వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలని ఠక్కున చెబుతారు. తడబడేదల్లా నోట్స్ దగ్గరే. ఆ మధ్య ఒక విద్యార్థిని నైట్ డ్యూటీ చివర్లో "పేషెంట్ దూకుడుగా ప్రవర్తించాడు" అని టైప్ చేసింది. ఏం చేశాడమ్మా అని అడిగాను. "ఆఫీసు కిటికీ మీద అరచేత్తో కొట్టాడు. అమ్మతో మాట్లాడాలని అరిచాడు. ఫోన్ ఇచ్చాక వెళ్లి కూర్చున్నాడు" అంది. అదే రాయమన్నాను. మొదటి వాక్యం చదివితే ఆ మనిషంటే భయమేస్తుంది. రెండోది చదివితే అతనికి ఏం కావాలో తెలుస్తుంది.

ఇలా రాయమనడం భాషాభిమానం కాదు, దీని వెనక చట్టం ఉంది. 1983 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్ సెక్షన్ 2 కింద మనిషిని 28 రోజుల దాకా, సెక్షన్ 3 కింద మొదట ఆరు నెలల దాకా ఆసుపత్రిలో ఉంచవచ్చు. నన్ను వదిలిపెట్టండని పేషెంట్ ట్రిబ్యునల్‌కు వెళితే నర్సింగ్ రిపోర్టు కూడా అక్కడికి వెళుతుంది. దానికి ఆధారం రోజువారీ నోట్సే. పైగా తనంతట తానుగా చేరిన పేషెంట్ వెళ్లిపోతానంటే, డాక్టరు వచ్చేలోగా ఆరు గంటల వరకు ఆపే అధికారం సెక్షన్ 5(4) మా శాఖ నర్సుకు ఇచ్చింది. పెద్దల శాఖ నర్సుకు అది లేదు. ఇప్పుడు విద్యార్థిగా ఉన్న అమ్మాయే రేపు ఆ అధికారం వాడే ఫారం మీద సంతకం పెడుతుంది.

చూసింది చూసినట్టు రాయాలంటే ముందు చూడటం అలవాటవ్వాలి. దానికి డబ్బు ఇబ్బందే దారి చూపుతుంది. ప్రభుత్వం నర్సింగ్ విద్యార్థులకు ఏటా ఇచ్చే 5,000 పౌండ్ల సాయం మన స్టూడెంట్ వీసా పిల్లలకు అందదు. టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. ఎలాగూ చేయాలి కదా, ఆ గంటలేవో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా మానసిక వార్డులో చేయమంటాను. ప్రాణం తీసుకుంటానన్న మనిషికి చేయి చాపితే అందేంత దూరంలో కూర్చోవడం అక్కడే అలవాటవుతుంది. పేకాడాలంటే ఆడాలి, మాట్లాడనంటే ఊరుకోవాలి. సలహాలు ఇవ్వకుండా, తీర్పులు చెప్పకుండా ఊరుకోవడం మన తెలుగువాళ్లకు కొంచెం కష్టమే. "వాడంతే", "ఆ పిల్లకు పొగరు" అని తేల్చేసే ఇళ్లలో పెరిగాం మరి.

చివరి ఏడాది ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ శాఖే ఎందుకని అడుగుతారు. సేవ చేయాలనుందని అందరూ అంటారు. ఒక షిఫ్టులో ఏం జరిగిందో, పేషెంట్ ఎవరో బయటపడకుండా, జరిగింది జరిగినట్టు చెప్పిన పిల్లనే నేనైతే తీసుకుంటాను.