అరకు దారియు, గులకబాటల సైకిలును

రైలుపెట్టెలో కూర్చుండి కిటికీగుండ జూచిన కొండ వేరు. కాలినడకను ఎక్కిన కొండ వేరు. ఈ రెంటికిని నడుమ మూడవది యొకటి కలదు. అది సైకిలుపై పోవుట. నడకకంటె వడి, మోటారుకంటె నెమ్మది. పూవు కనబడిన నాగవచ్చును, వాగు వినబడిన దిగవచ్చును. తారుబాటకును రాళ్ళబాటకును గూడ నొప్పునట్టి సైకిలు ఇప్పుడు అంగళ్ళలో దొరకుచున్నది. దానిని గ్రావెల్ బైకు అందురు. మనము గులకబాటల సైకిలు అందము. దాని పేరు చెప్పినంతనే అంగడివాడు పది రకములు చూపును. వానిలో నేది మేలని అతనిని అడుగుటకంటె, మనము పోదలచిన దారిని అడుగుట మేలు. నాకా సమాధానము చెప్పిన దారి శృంగవరపుకోటనుండి అరకులోయకు పోవు కనుమదారి.

ఇట్టి యోచన చేసిన స్త్రీ నాకు ముందే యొకతె కలదు. 1963వ సంవత్సరమున ఐర్లండు దేశపు డెర్వ్లా మర్ఫీ అను నామె ఒంటరిగా సైకిలునెక్కి, ఐరోపా, టర్కీ, పారసీకము, ఆఫ్గనిస్థానము, పాకిస్థానము గడచి ఢిల్లీ చేరెను. అప్పటి కామె వయస్సు 31 సంవత్సరములు. బయలుదేరుటకు ముందే ఆమె తన సైకిలునకున్న గేరుల యమరికను తీయించివేసెను. ఆ దారులలో నది నిలువదని యెంచెను. నేటి గేరులు అంతకంటె గట్టివి గావున మనము వానిని తీయించుకొన నక్కరలేదు. ముందు దారిని తలచి, పిదప యంత్రమును కూర్చుకొనుటయే మనము గ్రహింపదగినది.

మా యింట నీ మాట పుట్టుటకు కారణము ధనము. నేను గాజుల జతకని కొంత కూడబెట్టియుంటిని. మధ్యరకపు అల్యూమినియపు సైకిలునకును ఇంచుమించు ఒక నగకగునంత వ్యయము కలదు. అత్తగారు విని, "అమ్మాయీ, బంగారము ఆపదకు అక్కరకు వచ్చును. ఇనుమునకు త్రుప్పు పట్టును గదా?" అనిరి. "అత్తయ్యగారూ, ఇది ఇనుము కాదు, మన సత్తుగిన్నెల లోహమే" అంటిని. ఆమె నవ్విరి, కాని ఆ ప్రశ్న న్యాయమైనది. అందుచేత కొనకముందే దారిని చూచి రావలెనని నిశ్చయించితిమి. మార్గశిరమున వరుసగా రెండు సెలవులు దొరకగా, మావారు తెలిసినవారి సన్నటైర్ల తారుబాట సైకిలును, నేను మరియొకరి గులకబాటల సైకిలును ఎరువు తెచ్చుకొని బయలుదేరితిమి.

శృంగవరపుకోట కొండల పాదమున నున్నది. అరకులోయ సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున నున్నది. నడుమ దూరము ఇంచుమించు 60 కిలోమీటరులు. టైడా దాటినపిమ్మట దారి మెలికలు తిరుగుచు పైకి పోవును. గాలికొండ ప్రాంతమున అరకుకంటెను ఎత్తు నెక్కి, మరల దిగవలసియుండును. ఇచ్చట మొదటి పాఠము గేరులది. నా సైకిలు ముందరి పండ్లచక్రములు రెండు: ఒకదానికి 46 పండ్లు, ఒకదానికి 30. వెనుకటివానిలో చిన్నదానికి 11, పెద్దదానికి 34. ముందు 30, వెనుక 34 పెట్టి తొక్కినచో, పెడలు ఒకమారు తిరుగునప్పటికి సైకిలు 2 మీటర్లకు కొంచెము తక్కువగా సాగును. మన పాతకాలపు గేరులేని సైకిలైనచో అదే త్రొక్కునకు ఇంచుమించు 5 మీటర్లు సాగవలెను. బరువైన బిందెను ఒక్కమారుగా నెత్తుటకును, చెంబుతో కొంచెము కొంచెము తోడుటకును గల భేదమే యిది. కావున కనుమలకు పోవువారు వెనుకటి పెద్దచక్రపు పండ్లు ముందరి చిన్నచక్రపు పండ్లకు సమానముగానో, అంతకు మించియో యుండునట్లు చూచుకొనవలెను.

పెద్దదారినుండి బొర్రా గుహలవైపు ఒక దారి చీలును. గుహల కావల కటికి జలపాతమునకు జీపులు పోవు బాట గలదు. మేము పోయిననాడు అది గుండ్లును ఎఱ్ఱమన్నును గలసి యుండెను. అచ్చట మావారి సన్నటైర్లు రాళ్ళనడుమ చిక్కగా, వారు సైకిలును భుజమున పెట్టుకొని నడచిరి. నేను మెల్లగా తొక్కుచు వెంట పోయితిని. వారి టైరు వెడల్పు 25 మిల్లీమీటరులు, నాది 40. వెడల్పైన టైరులో గాలి తక్కువ బిగువున నుంచవచ్చును. అది రాతిపై కొంచెము నొక్కుకొని పట్టు నిచ్చును, చేతులకు అదురు తగ్గించును. కొనునపుడు చట్రములోను, ముందరి ఫోర్కులోను 40 మిల్లీమీటర్ల టైరు పట్టి, దానికిరుప్రక్కల బురద జారుటకు చోటు మిగులునా యని చూడుడు. టైరును పిదప మార్చుకొనవచ్చును, చోటును మార్చుకొనలేము.

మరల పెద్దదారికి వచ్చితిమి. అనంతగిరి దాటిన కొలదిని కాఫీతోటలు. సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చెట్ల మొదళ్ళకు ప్రాకిన మిరియపు తీగెలు. ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. తోట ప్రక్క నీళ్ళు త్రాగుచుండగా, సంతకు పోవు గిరిజన స్త్రీ యొకతె తట్ట దించి, నా సైకిలును ఒక చేత నెత్తి చూచి, "తేలికే. మరి తట్ట ఎక్కడ పెడతావమ్మా?" అని యడిగెను. అంగడిలో నెవరును నన్నడుగని ప్రశ్న యది! తేలికయైనంత మాత్రమున చాలదు. బట్టలు, అన్నము, నీళ్ళు, వానకోటు దేనిపై పోవలెను? వెనుక బరువుపలకకును, మడ్గార్డులకును, మూడు నీటిసీసాలకును చట్రమున మరచుట్ల రంధ్రములున్నవో లేవో చేతితో తడవి చూచుకొనుడు.

అరకులోయలో వలిసె పూవులు విరియబూచి యుండెను. పసుపు ఆరబోసినట్లున్న ఆ చేల నడుమ రాత్రి నిలిచి, మరునాడు దిగితిమి. ఎక్కుట కాళ్ళ పరీక్షయైనచో, దిగుట చేతుల పరీక్ష. మంచు క్రమ్మిన మలుపులలో గంటలకొలది బ్రేకు పట్టవలెను. డిస్కు బ్రేకులలో తీగెతో లాగునవి చవుక, పల్లెలోనైనను బాగుచేసికొనవచ్చును. నూనె ఒత్తిడితో పనిచేయునవి ప్రియము. వానికి వ్రేళ్ళ బలము తక్కువ చాలును. చిన్నచేతులుగల మనకు, అందులోను కనుమలకు పోవువారికి, రెండవరకమునకై కొంత యెక్కువ యిచ్చుట తగును. బ్రేకుపిడిని వ్రేళ్ళకందునట్లు దగ్గరకు జరిపించుకొనుడు.

ఇక లోహము మాట. అల్యూమినియము సాంద్రత ఉక్కులో మూడవవంతు. దానికి ఎఱ్ఱత్రుప్పు పట్టదు. కాని చట్రము చిట్లినచో, ఉక్కును అతికినట్లు పల్లెలో నతుకుట కుదరదు. గట్టిగా పడినపుడు అతుకుల చెంత బీటలున్నవేమో చూపించుకొనవలెను. కార్బను చట్రము ఇంకను తేలిక, ఇంకను ప్రియము. అల్యూమినియపు చట్రమును, అదురు తగ్గించు కార్బను ఫోర్కును గలది మధ్యతరగతి గృహమునకు చాలును. మిగిలిన ధనమును టైర్లకును బ్రేకులకును వినియోగించుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది మన దేహపు కొలత. పైగొట్టమునకు ఇరువైపుల పాదములానించి నిలిచినపుడు ఒరయకుండవలెను. పిడి పట్టినపుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. పురుషుల సీటు మనకు ఇరుకైనచో మార్పించుకొనుడు. గొలుసునకు మూత యుండదు గాన చీర కుచ్చెళ్ళు పనికిరావు; సల్వారు చీలమండలకడ బిగించి కట్టవలెను. ఈ చక్రములకు సరిపడు ట్యూబులు పల్లె అంగళ్ళలో దొరకుట అరుదు. రెండు వెంట నుంచుకొని, మార్చుట ఇంటికడనే అభ్యసింపవలెను.

అత్తగారి ప్రశ్నకు నా యుత్తర మిది. బంగారము పెట్టెలోనున్నను విలువ నిలుపుకొనును. సైకిలు విలువ కొన్ననాటినుండి తగ్గును. పెట్టెలోనున్నచో వట్టి నష్టము. కావున వారమునకొకమారైనను తొక్కువారే కొనవలెను. నేను గాజులను మరియొక యేడు ఆపితిని. మా యూరి చెరువుగట్టు, కాలువగట్టు, ఏటి యవ్వలి మామిడితోటల బాట — ఇవన్నియు గులకబాటలే. మీ యూరి బాటలనుగూడ ఒకమారు తలచుకొని, పిదప అంగడికి పొండు.